ప్రమాణంలో రెండు ఖాళీలు

పోయిన నెల భావనపాడు వెళ్లి నూకాలుని చూసొచ్చాను. పలాసలో బస్సెక్కి టెక్కలిలో దిగి, అక్కణ్ణుంచి ఆటో. ఈ వయసులో ఒక్కదాన్నే అంత దూరం ఎందుకని మా కోడలు గొణిగింది కానీ, నూకాలు కాలు జారి పడిందని కబురొచ్చాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. తీరా వెళితే మనిషి మంచం మీద లేదు. వాకిట్లో గోడకు చేరబడి, కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని, మునిమనవరాలి చేత బడిలో చెప్పే ప్రతిజ్ఞ అప్పజెప్పించుకుంటోంది. ఆ పిల్ల ఒక్క గుక్కలో మొత్తం దొర్లించేసి ఆటకు పరిగెత్తబోయింది. నూకాలు జబ్బ పట్టుకుని ఆపింది. "ఒలే, అది ఒట్టే. ఒట్టేసినప్పుడు ఏటంతన్నావో నీ సెవులకైనా ఇనపడాల గదా" అంది. ఆ మాట వినగానే నాకు టెక్కలి బోర్డు స్కూలు ఆవరణ, వానకి నానిన ఇసుక, మూడు వరసల్లో నిలబడ్డ పిల్లలు కళ్లముందుకొచ్చారు.

నేను చెప్పేది ఈ ప్రతిజ్ఞలు పాఠ్యపుస్తకాల మొదటి పేజీలోకి రాకముందు సంగతి. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. అప్పుడు ఏ బడి ప్రమాణం ఆ బడిదే. హెడ్మాస్టారు ఏం రాస్తే పిల్లలు అదే చెప్పేవాళ్లు. కొన్ని బళ్లలో అదీ లేదు, జెండా ఎగరేసి పిప్పరమెంట్లు పంచి ఇంటికి పంపేసేవాళ్లు.

మా నాన్న టెక్కలి సబ్ మేజిస్ట్రేటు కోర్టులో గుమాస్తా. సాక్షి బోనెక్కగానే ఎదురుగా నిలబడి ప్రమాణం చేయించడం ఆయన పని. సర్వేశ్వరుని ఎదుట నిజమే చెప్పెదను అని ఆయన ముందు అనాలి, సాక్షి ఆ వెనకే అనాలి. ఇలా రోజుకి పది పన్నెండుసార్లు దేవుణ్ణి పిలిచి, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, దేవుడు లేడని వాదించేవాడు. ఆయన నాస్తికత్వం తేలికైనది, సరదా మనిషి సరదా. పుస్తకాలు చదివి తెచ్చుకున్నది. రైల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపరు అరుగు మీద కూర్చుని గట్టిగా చదివేవాడు. ఎక్కడైనా వానల కోసం యాగం చేశారని ఉంటే ఆ ముక్క రెండుసార్లు చదివేవాడు. నాకు పేరు పెట్టేటప్పుడు కూడా ఏ దేవతకీ లేని పేరు కావాలని పట్టుబట్టి సరళ అని పెట్టాడట. ఏ సహస్రనామాల్లోనో అదీ ఉండే ఉంటుందని మా తాతయ్య ఏడిపిస్తే నాలుగు రోజులు దిగులుపడ్డాడని అమ్మ చెప్పేది. "పగలంతా దేవుడి పేరు సెప్పించి, సాయంత్రం ఆ దేవుడే నేడంతారు. ఇంతకీ ఆ కోర్టులో అబద్దం ఆడతన్నది సాచ్చులా, మీరా?" అని అమ్మ అడిగితే ఆయన పడీ పడీ నవ్వేవాడు.

అమ్మది అలాంటిది కాదు. నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. మొదటి వాడు పుట్టిన పదకొండో రోజున. రెండోది ఆడపిల్ల, మాటలు కూడా వచ్చాక. ఆ పిల్ల కోసం అమ్మ తిరగని కొండ లేదు, కట్టని ముడుపు లేదు. జ్వరం వచ్చిన తొమ్మిదో రోజున పిల్ల పోతే, మైల తీరిన మర్నాడు అమ్మ గోడల మీది పటాలన్నీ దింపి, పాత చీరలో చుట్టి, ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది. ఎందుకని నాన్న అడగలేదు. పటాలు పోయినా మేకులు గోడకే ఉండిపోయాయి. ఒకదానికి నాన్న కోర్టు కోటు తగిలించుకునేవాడు, ఇంకోదానికి నా బడి సంచీ ఉండేది. నాన్న దేవుడి గురించి రోజూ మాట్లాడేవాడు. అమ్మ ఒక్కనాడూ మాట్లాడేది కాదు. ఇద్దరిలో ఎవరు గట్టివాళ్లో నాకు చాలా ఏళ్లు తెలీలేదు.

మా వీధిలో తెల్లవారితే ప్రతి ఇంట్లోంచీ గంట వినపడేది, కర్పూరం వాసన వచ్చేది. మా ఇంట్లోంచి వచ్చేవి వేరే వాసనలు. బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద తడి కోటు ఆవిరి, ఎండుమిరపకాయలు వేగిన ఘాటు. శుక్రవారమైనా మంగళవారమైనా మాకు ఒకటే. ఇరుగుపొరుగు మమ్మల్ని వెలివేసిందేమీ లేదు. పండగలకి ప్రసాదం పంపేవాళ్లు. అమ్మ తీసుకుని, గిన్నె కడిగి, అందులో నాలుగు బెల్లం ముక్కలు వేసి తిప్పి పంపేది. పిల్లలు మాత్రం ఊరుకోరు కదా, మీ ఇంట్లో రాత్రి దెయ్యాలొస్తే ఎవర్ని పిలుస్తారే అని అడిగేవాళ్లు. కోర్టులో పేర్లు కేకేసే డఫేదారుని పిలుస్తామని చెప్పమన్నాడు నాన్న. చెప్పాను. రెండు రోజులు నవ్వుకుని మర్చిపోయారు.

నూకాలుది భావనపాడు. వాళ్ల మేనత్త టెక్కలిలో కాపురముండి, నెత్తిన తట్టతో వీధి వీధి తిరిగి చేపలమ్మేది. ఆ అత్త దగ్గరుండి చదువుకునేది నూకాలు. వాళ్ల పేటలో ఆడపిల్ల ఎనిమిదో క్లాసుకి రావడం అదే మొదలు. గాలికి ఎదురు నిలబడి తెప్ప మీదివాళ్లని కేకేసి పిలిచి అలవాటైన గొంతు ఆమెది. అదే ఇసుకలో రోజూ సాయంత్రం అమ్మోరి గుడిసె ముందు దీపం పెట్టి పెరిగిన పిల్ల. నేను దణ్ణం పెట్టను, ఆమె పెట్టకుండా ఉండదు. దారిలో ఏ రాయికి పసుపు రాసి ఉన్నా ఆగేది. ఆమె చెంపలేసుకున్నంత సేపూ నేను ఆమె పుస్తకాలు పట్టుకుని నిలబడేదాన్ని. దాని గురించి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాట రాలేదు.

మా హెడ్మాస్టారు పూజారుల ఇంటి మనిషి, ఖద్దరు పంచె తప్ప కట్టేవారు కాదు. స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లొచ్చారు. జైల్లో తనని నిలబెట్టింది దేవుడేనని క్లాసులో ఎన్నోసార్లు చెప్పారు. ఆ ఏడు పంద్రాగస్టు పండక్కి తాసిల్దారు వస్తున్నారని, పిల్లలందరి చేతా చెప్పించడానికి ఆయనే ఒక ప్రమాణం రాశారు. నాలుగే వాక్యాలు. "దేవుని సాక్షిగా ప్రమాణము చేయుచున్నాను. ఈ దేశము దేవుడు నాకిచ్చిన ఇల్లు. ఈ దేశ ప్రజలందరూ నా ఇంటివారు. నా చదువును, నా శ్రమను, నా ప్రాణమును వారి కొరకే వినియోగింతును." ఒకరు ముందు నిలబడి వాక్యం చెప్పాలి, మిగతా బడంతా తిరిగి చెప్పాలి. ముందు నిలబడేది నేనని హెడ్మాస్టారు అన్నప్పుడు నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. అంతవరకూ ఆ చోటు ఎప్పుడూ మగపిల్లలదే.

ఆ సాయంత్రం అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. నేను దొడ్లో నిలబడి, బావి గిలక తాసిల్దారనుకుని, ప్రమాణం గట్టిగా చెప్పాను. రెండో వాక్యం దగ్గర చేట చప్పుడు ఆగిపోయింది. అమ్మ నావైపు తిరగలేదు. "ఆ దేవుడు ఇచ్చినాడన్న మాట నా ఇంట్లో అనకు" అంది. ఇంకో రాయి ఏరి పారేసి, "బయట కూడా అనకు" అంది. అంతే, మళ్లీ చేట చప్పుడు మొదలైంది. నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో అందరిలాగా లేకపోవడం నాకెప్పుడూ బరువనిపించలేదు. ఆ రోజే అనిపించింది.

నాన్న ఇంటికొచ్చాక పంచాయితీ ఆయన ముందు పెట్టాను. కాగితం తీసుకుని, కోర్టు కాగితం చదివినట్టు వేలు పెట్టి చదివాడు. అమ్మవైపు చూశాడు. ఆయన నవ్వుతాడనుకున్నాను కానీ నవ్వలేదు. అభ్యంతరం ఉన్నవాళ్లు దేవుడి పేరు లేకుండా ప్రమాణం చేయొచ్చని చట్టంలోనే ఉందనీ, శాసనసభలో కూర్చునేవాళ్లకి కూడా రెండు దార్లూ పెట్టారనీ, ఇందులో గొడవేం లేదనీ చెప్పాడు. "ఆ రెండు సోట్లా నోరు మూసుకో. మిగతాది గట్టిగా సెప్పు. మందలో ఎవడికీ తెలీదు" అన్నాడు. పాపం, ఆయన జీవితమంతా ముందు చెప్పేవాడిగా నిలబడ్డాడు, అందుకని నేను వెనక చెప్పేదాన్నని అనుకున్నాడు. ముందు నిలబడేది నేనేనని నేను చెప్పలేదు. చెబితే వద్దంటాడని భయం. ఆ భయంతోటే మర్నాడు బడికెళ్లాను.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. రిహార్సలుకి మూడు వరసలూ నిలబడ్డాయి. నేను చెయ్యి ముందుకు చాపి, మొదటి వాక్యం చోట నోరు మూసుకున్నాను. బడంతా నా నోటివైపు చూస్తూ ఊరుకుంది. రెండో వాక్యమూ అలాగే మనసులో లెక్కపెట్టి దాటించి, "ఈ దేశ ప్రజలందరూ నా ఇంటివారు" అని అరిచాను. బడంతా అరిచింది. మర్చిపోయాననుకుని హెడ్మాస్టారు మొదటి మాట అందించారు. మళ్లీ అదే చేశాను. మూడోసారి ఆయన దగ్గరికొచ్చి, ఏమ్మా ఒంట్లో బాలేదా అని మెల్లిగా అడిగారు. "మా అమ్మ అనొద్దన్నాది మాస్టారూ" అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. ఆ మొహం ఎవరో చెంపమీద కొట్టినట్టయిపోయింది. ఆయన కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

సాయంత్రం నాన్నని పిలిపించారు. బడి వరండాలో ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు, నేను స్తంభం పక్కన నిలబడ్డాను. నాన్న తన చట్టమంతా చెప్పాడు. హెడ్మాస్టారు చివరిదాకా విన్నారు. కోర్టులో ప్రమాణం సాక్షి అబద్ధమాడతాడేమోనన్న అనుమానంతో చేయిస్తారనీ, తను చేయించేది అనుమానంతో కాదనీ, ఆ రెండు మాటలు తీసేస్తే మిగతావి దేని మీద నిలబడతాయో తనకి తెలియదనీ అన్నారు. ఆ తర్వాత నావైపు తిరిగారు. "వరసలో నిలబడి ఊరుకో తల్లీ, నిన్నెవరూ ఏమీ అనరు. కానీ ముందు నిలబడేవాళ్లు ఖాళీలు వదలకూడదు" అన్నారు. అందులో తప్పేమీ లేదని ఈ రోజు నాకు తెలుసు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఆ కుర్చీలో నేను కూర్చున్నా అదే అనేదాన్ని. ఆ రోజు మాత్రం లోకమంతా ఒకవైపు, నేనొక్కదాన్నీ ఒకవైపు అనిపించింది. నా చోటు నూకాలుకి ఇచ్చారు.

నూకాలుకి ప్రమాణం నేర్పే పని నాకే పడింది. వాళ్ల అత్త ఇంటి అరుగు మీద కూర్చుని నేర్పాను, ముఖం మాడ్చుకునే నేర్పాను. అమ్మతో మాట్లాడటం మానేశాను. ఆ వారమంతా ముసురు, ఈదురుగాలి. బయట ఆడుకోవడానికి లేదు. ఇంట్లో నేను అమ్మతో మాట్లాడను, అమ్మ నాతో మాట్లాడదు. నాన్న ఇద్దరికీ మధ్య కూర్చుని పేపరు చదివేవాడు. రోజూ ఎండుచేపలే, ఎండు నెత్తళ్ల పులుసే. కంచం ముందు అలిగి లేచిపోతే అమ్మ బతిమాలలేదు, తిట్టలేదు. నా కంచం మీద మూత పెట్టి ఉంచేది. ఆ ఇద్దరు పిల్లల సంగతి అప్పటికి నాకు తెలుసు. తెలిసి కూడా అమ్మ మీద కోపం వచ్చింది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పండగ రేపనగా ఆఖరిసారి వరసలు కట్టించారు. నూకాలు ముందుకొచ్చి నిలబడింది. చెయ్యి చాపింది. నోరు విప్పలేదు. హెడ్మాస్టారు మొదటి మాట అందించారు. అయినా విప్పలేదు. నీకేమొచ్చిందమ్మా అన్నారాయన.

"ఇది ఒట్టు గదండీ మాస్టారూ" అంది నూకాలు. "మా అయ్య సముద్రం మీదికి సేపల ఏటకెల్లినాడు. ఆడు గట్టెక్కీదాకా మా ఇంట్లో ఆడోళ్లం ఎవురం దేవుడి మీద ఒట్టెయ్యం. ఏసిన ఒట్టు ఏ గడియకైనా తప్పితే నీళ్ల మీదున్నోడికి సెడు."

ఈసారి కిసుక్కుమన్నవాళ్లు లేరు. హెడ్మాస్టారు ఆ పిల్లవైపు చూశారు. దేవుణ్ణి నమ్మని ఇంటికి ఆయన దగ్గర జవాబుంది. దేవుణ్ణి ఇంతగా నమ్మే పిల్లకి లేదు. తండ్రి సముద్రం మీద ఉండగా నువ్వు ఒట్టెయ్యి అని ఏ నోటితో అంటారు? జేబులోంచి కాగితం తీసి, మోకాలి మీద ఆనించుకుని, కలంతో గీత పెట్టారు. మొదటి వాక్యంలో దేవుని సాక్షిగా అన్నచోట మనసారా అని రాశారు. రెండోది, ఈ దేశము నా ఇల్లు. ఇప్పుడు చెప్పమ్మా అని నూకాలుకే ఇచ్చారు. నూకాలు తీసుకోలేదు. "ఏటైనా ఒట్టు ఒట్టే గదండీ. సరళ సెప్తాది" అంది.

మర్నాడు వాన వెలిసింది. అమ్మ బడికి రావడం అదే మొదటిసారి. నాన్న పక్కన, గోడవారగా, నీరుకావి చీరలో తలమీద కొంగు కప్పుకుని నిలబడింది. నేను నాలుగు వాక్యాలూ ఒక్క ఖాళీ కూడా లేకుండా చెప్పాను, బడంతా తిరిగి చెప్పింది. మొదటి వాక్యం అందరూ తిరిగి చెబుతుంటే హెడ్మాస్టారివైపు చూశాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. పెదవులు మాతో కలవలేదు, మాకంటే కాస్త ఎక్కువసేపు కదిలాయి. తన పాత మాటలే తను చెప్పుకున్నారని నాకు అర్థమైంది. నాకు ఇచ్చిన చోటు ఆయన తన మాటల్లోంచి తీసి ఇచ్చిందేనని మాత్రం పెద్దయ్యాక గానీ తోచలేదు. ఇంటికొచ్చాక అమ్మ నా నెత్తిన చెయ్యి పెట్టి, గొంతు బాగుందని ఒక్క మాట అంది. ఆ మధ్యాహ్నం నూకాలు మా ఇంట్లోనే తింది.

టీచరయ్యాక ఈ కథ నేను ఎన్నిచోట్ల చెప్పానో లెక్కలేదు. స్టాఫ్ రూముల్లో, రిటైరయ్యేవాళ్ల సభల్లో, ఒకసారి కలెక్టరు ముందు కూడా. నమ్మనివాళ్ల అభ్యంతరం చట్టంతో వచ్చింది, నెగ్గలేదు. నమ్మేవాళ్ల అభ్యంతరం భయభక్తులతో వచ్చింది, నెగ్గింది, అని ముగించేదాన్ని. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఇప్పుడు పిల్లలు చెప్పే ప్రతిజ్ఞలో దేవుడూ లేడు, గొడవా లేదు. మా మనవడి బడిలో మైకులో పాట పెట్టినట్టు వేస్తారు, పిల్లలు పెదవులు కదుపుతారు. ఎవరైనా ఒక మాట దగ్గర నోరు మూసుకున్నా కనిపెట్టే హెడ్మాస్టారు లేడు. ఆ రోజుల్లో మాటకి బరువుండేదని కూడా నా ప్రసంగంలో ఉండేది.

పోయిన నెల నూకాలు వాకిట్లో ఆ ప్రసంగమే మునిమనవరాలికి మొదలుపెట్టాను. మీ ముత్తవ్వ తండ్రి సముద్రం మీదున్నాడే అనగానే నూకాలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. కట్టు కట్టిన కాలు కదిలి నొప్పెట్టినా నవ్వు ఆగలేదు.

"ఏ సముద్రమే? ఆ వారమంతా గాలి కాదేటి? పేటలో తెప్పలన్నీ ఇసక మీదే. మా అయ్య పాకలో కూకుని వల బాగుసేసుకుంటన్నాడు. మా అత్త తట్టలో పచ్చిసేప సూసినావేటి ఆ వారం? మాస్టారు తిననోడు, ఆయనికి తెల్దు. నీకూ తెల్నేదంటే ఏటి సెప్పాల" అంది.

ఎండు నెత్తళ్ల పులుసు గుర్తొచ్చింది. అరవై ఏళ్లు పైబడి చెప్పుకొస్తున్న కథ నా చేతిలోంచి జారిపోయింది. మరెందుకలా చెప్పావని అడిగాను. నూకాలు నవ్వు ఆపి, మామూలుగా, నిన్నటి సంగతి చెప్పినట్టు చెప్పింది. "నాకు నేర్పినంత సేపూ నీ మొగం సూసినాను గదే. ఆ సోటు నీది. నాకెందుకది?"

ఆ చోటు పోయినప్పుడు రాని కన్నీళ్లు ఇప్పుడొచ్చాయి. మాస్టార్ని, నన్ను, బడినంతా నమ్మించిన మనిషిని ఏమనాలో తెలీక, పంతులమ్మ బుద్ధి పోనిచ్చుకోక, అయితే దేవుడి పేరు పెట్టి అబద్ధమాడేశావన్నమాట, అమ్మోరికి కోపం రాదా అని అడిగాను.

నూకాలు నావైపు జాలిగా చూసింది. "అమ్మోరు నేదన్నదానివి, నీకెందుకే ఆ బెంగ? ఉన్నాదన్నదాన్ని, నాకే నేదు."

ఆ మాట అనేసి, మునిమనవరాల్ని పిలిచి, మళ్లీ మొదట్నుంచి సెప్పు అంది.